కొలత కాగితాలతో కొండెక్కాం

మొదటి రోజు: విశాఖ నుంచి అరకు

డిసెంబరు మొదటి వారం. మా బొలెరో ఎస్.కోట దాటేసరికి ఎనిమిదయింది. వెనక సీట్లు మడిచేసి సంచులు పేర్చాం, టాపు మీద టార్పాలిన్ కింద ఇంకొన్ని. అన్నిట్లోనూ మన్యం పిల్లలకి పంచడానికి తీసుకెళ్తున్న చెప్పులు, బూట్లే. బండిలో నలుగురం: నేను, మా కింది ఫ్లాట్లో ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారు, నర్సింగ్ చదువుతున్న మా మేనకోడలు, బండి నడిపే కుర్రాడు. అతన్ని తమ్ముడూ అని పిలుస్తాం. తమ్ముడిది పాడేరు దగ్గర పల్లె. ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడతారు, కోందు ఆదివాసుల భాష కువీ కూడా వచ్చు. ఏ గెడ్డ, అదే కొండవాగు, ఎక్కడ దాటొచ్చో అతనికి తెలిసినంతగా ఏ ఫోన్ మ్యాపుకీ తెలీదు.

అసలు పని సెప్టెంబరులోనే మొదలైంది. మా వీధి అపార్ట్‌మెంట్లన్నిట్లో వాచ్‌మన్ గది పక్కన అట్టపెట్టె పెట్టి, పిల్లల చెప్పులు, బూట్లు ఇవ్వండని కాగితం అంటించాం. వారానికే నిండాయి. తెరిచి చూస్తే హై హీల్స్, సోల్ నోరు తెరిచిన ఆఫీసు బూట్లు, ఎవరి పెళ్లిలోనో ఒక్కరోజు తొడిగిన జరీ జోళ్లు, రెండూ ఎడమ కాలివే అయిన స్పోర్ట్స్ షూస్. ఇంట్లో అడ్డంగా ఉన్నవి వదిలించుకోవడానికి దానం అనే మాట చాలామందికి బాగా పనికొస్తుంది. మాస్టారు ఒకటే పరీక్ష పెట్టారు: "మీ మనవడికి వేస్తారా? వేస్తారంటే ఉంచండి, లేకపోతే తీసేయండి." సగానికి పైగా ఆ పరీక్షలోనే పోయాయి. నిలిచినవాటిని ఉతికి, డాబా మీద ఎండబెట్టి, జత విడిపోకుండా లేసుకి లేసు ముడేశాం.

ఆ తర్వాత సైజుల గొడవ. మన షాపుల్లో నడిచేది ఇంగ్లండు లెక్క. పిల్లల నంబర్లు 13 దాకా వెళ్లి మళ్లీ 1 నుంచి మొదలవుతాయి. అంటే అడుగున 1 అని ఉంటే అది నెలల పసివాడిదీ కావొచ్చు, ఏడెనిమిదేళ్ల పిల్లదీ కావొచ్చు. ఫారిన్ నుంచి వచ్చిన జతల మీద అమెరికా నంబరో యూరప్ నంబరో ఉంటుంది. ఇంగ్లండు లెక్కలో నంబరుకీ నంబరుకీ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. మాస్టారు ఈ నంబర్లన్నిటినీ పక్కన పడేసి, వెదురు పుల్ల మీద సెంటీమీటర్లు గీసుకుని, ప్రతి బూటులో దూర్చి లోపలి పొడవు కొలిచి అడుగున సుద్దముక్కతో రాశారు. రాత్రి పదకొండు దాకా ఆయన గదిలో లైటు వెలుగుతూనే ఉండేది.

పాదాల కొలతలు కొండ మీది బడుల నుంచి వచ్చాయి. అక్టోబరులో మేం మాట్లాడిన బడుల టీచర్లు ఒక్కో పిల్లని పాత పేపరు మీద నిలబెట్టి, పాదం చుట్టూ పెన్నుతో గీసి, పేరూ తరగతీ రాసి బస్సు పార్సిల్లో పంపారు. నిలబెట్టే గియ్యాలి, కూర్చుంటే పాదం పొడవు తగ్గుతుంది. గీత మీద బొటనవేలి వెడల్పంత వదిలి జత వెతకాలి, లేకపోతే ఆర్నెల్లకే వేళ్లు ముడుచుకుంటాయి.

అలా జత చేస్తుంటే అసలు సంగతి బయటపడింది. పొడవు సరిపోయిన బూట్లు వెడల్పులో సరిపోవడం లేదు. పుట్టినప్పటి నుంచీ ఉత్త కాళ్లతో కొండ దిగే పిల్లల వేళ్లు విసనకర్రలా విచ్చుకుని ఉన్నాయి. మన వాళ్ల పాదాలు ముందు భాగంలో యూరప్, అమెరికా వాళ్ల కన్నా వెడల్పని చెన్నైలోని తోళ్ల పరిశోధన సంస్థ, సీఎల్ఆర్ఐ, లక్ష మందికి పైగా పాదాలు కొలిచి చెప్పింది. 'భ' అనే పేరుతో కొత్త సైజుల పద్ధతి కూడా ప్రతిపాదించింది. ఆ పద్ధతి షాపుల్లోకి వచ్చేదాకా ఆగలేం కదా. చందాలుగా వచ్చిన డబ్బుతో పూర్ణా మార్కెట్ వైపు హోల్‌సేల్ షాపులో వెనక పట్టీ ఉన్న శాండిల్స్ కొన్నాం. కాబట్టి బండిలో ఉన్నవాటిలో వాడినవి మూడో వంతే, మిగతావి కొత్తవి.

ఘాట్ రోడ్డు గురించి రాయడానికి చాలామంది ఉన్నారు, నేను రాయను. టైడా, అనంతగిరి, గాలికొండ, సుంకరమెట్ట. సుంకరమెట్ట దగ్గర కాఫీ తాగాం. అరకులో దిగేసరికి చలి చెవుల్లోకి దూరుతోంది. లాడ్జిలో మాస్టారు మంచం మీద కొలత కాగితాలు తరగతుల వారీగా పరుచుకుని పడుకోవడానికి చోటు లేకుండా చేసుకున్నారు.

రెండో రోజు: డుంబ్రిగుడ వైపు

అరకు నుంచి డుంబ్రిగుడ రోడ్డులో కొంతదూరం వెళ్లి లోపలికి తిరిగితే ఒక ప్రాథమిక పాఠశాల. రెండు గదులు, ఒక వరండా, ఒక పనస చెట్టు. పొలాల్లో వలిసె పూలు చాలావరకు రాలిపోయి, అక్కడక్కడ పసుపు రంగు మిగిలింది.

"సర్కారు బూట్లు ఇస్తోంది కదా, మళ్లీ మీరెందుకు?" అని విశాఖలో చాలామంది అడిగారు. మంచి ప్రశ్నే. 2020 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో పుస్తకాలు, యూనిఫాం, బ్యాగుతో పాటు బూట్లు, రెండు జతల సాక్సులు కిట్‌గా ఇస్తున్నారు. మొదట జగనన్న విద్యా కానుక అన్నారు, ఇప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అంటున్నారు. ఈ బడిలోనూ వచ్చాయి. అయినా వరండాలో కూర్చున్న పిల్లల్లో బూట్లు తొడుక్కున్నవాళ్లు నలుగురైదుగురు మించరు.

మూడో తరగతి పిల్లాణ్ణి అడిగితే, "ఇంట్లో ఉన్నాయి మేడం, దాచాను" అన్నాడు. దేనికి దాచావంటే పంద్రాగస్టుకట. టీచరమ్మ నవ్వి అసలు విషయం చెప్పింది. బడికొచ్చే దారిలో గెడ్డ ఉంది. బూటు తడిస్తే ఈ చలిలో రెండు రోజులకి గానీ ఆరదు. తడి బూటులో కాలు పెడితే వేళ్ల సందున ఒరుసుకుని పుళ్లు పడతాయి. అందుకని పిల్లలు బూట్లు చేత్తో పట్టుకుని గెడ్డ దాటేవారు. కొన్నాళ్లకి ఆ మోత ఎందుకని ఇంట్లోనే పెట్టేశారు. ఏం కావాలని అక్టోబరులో మేం ఫోన్ చేసినప్పుడు ఆవిడ అడిగింది ఇదే: లేసు లేనివి, నీళ్లు నిలవనివి, వెనక పట్టీ ఉన్నవి. హవాయి చెప్పులు వద్దంది. దిగుడులో కాలు జారి చెప్పు ముందుకెళ్తుంది, పిల్ల వెనక్కి పడుతుంది.

పంచే పద్ధతి కూడా ఆవిడదే. లైను లేదు, స్టేజీ లేదు, బ్యానరు లేదు. ఒక్కో జత ఒక్కో గుడ్డ సంచిలో, పైన పేరు. తరగతి గదిలో ఎవరి చోట వాళ్లు కూర్చుంటే హాజరు పిలిచినట్టు పేరు పిలిచి ఇవ్వడం. సంచిలో వాళ్ల పాదం గీసిన పేపరు కూడా పెట్టాం. పిల్లలకి శాండిల్స్ కన్నా ఆ పేపరు ముక్క మీదే మోజు ఎక్కువైంది. మళ్లీ కాలు పెట్టి, పెరిగిందా లేదా అని పోటీలు. రెండో తరగతి పాప ఒకత్తి పాదం గీత దాటేసింది. ఆ బొటనవేలి వెడల్పు వదలడం ఎందుకో మాస్టారు అక్కడికక్కడే గదిలో అందరికీ చూపించారు. నలభై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి, ఊరుకోలేరు.

మా మేనకోడలు వరండా చివర బకెట్‌లో గోరువెచ్చని నీళ్లు, తువ్వాలు పెట్టుకుని కూర్చుంది. ముందు కాళ్లు కడుగు, తర్వాత చూపించు, తర్వాత తొడుక్కో. మడమల పగుళ్లు, ముల్లు దిగి చీము పట్టినవి, వేళ్ల సందుల్లో దురదలు కనబడ్డాయి. కొంకిపురుగు సంగతి పిల్లలకి కథలా చెప్పింది. ఆరుబయట మలంలోంచి గుడ్లు మట్టిలో కలిసి పిల్ల పురుగులవుతాయి, ఉత్త కాలి చర్మంలోంచి లోపలికి దూరి, రక్తం వెంట తిరిగి తిరిగి పేగుకి చేరి, అక్కడ కొరికి పట్టుకుని రక్తం తాగుతాయి. "చీ" అని అందరూ ఒకేసారి కాళ్లు పైకెత్తేశారు. ఏటా ఫిబ్రవరిలో, ఆగస్టులో బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర ఇందుకేనని చెప్పింది. టీచరమ్మ పక్క నుంచి ఒక మాట కలిపింది, "మరుగుదొడ్డికి నీళ్లుంటే సగం పురుగులు అక్కడే ఆగుతాయమ్మా." చెప్పు ఒక్కటే చాలదన్న మాట చెప్పులు మోసుకొచ్చినవాళ్లకి చెప్పడానికి ధైర్యం కావాలి. నాకు నచ్చింది.

మధ్యాహ్నం నుంచి ఫోన్ ఒకటే మోత. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఫొటోలు ఎక్కడ, పిల్లలు చేతులు జోడించి నిలబడ్డది ఒకటైనా పెట్టండి అని. పిల్లల ముఖాలు తీయకూడదని బయల్దేరే ముందే అనుకున్నాం. కొత్త శాండిల్స్‌తో వరసగా ఉన్న పాదాల ఫొటో ఒకటి పెట్టాను. "ముఖాలు కనబడట్లేదు" అని జవాబొచ్చింది. ఫోన్ సైలెంట్‌లో పెట్టేశాను.

రాత్రి మాస్టారు నెగడు దగ్గర కూర్చుని ఎక్కడో చదివింది చెప్పారు. 2006లో అమెరికాలో మొదలైన టామ్స్ అనే కంపెనీ, మీరొక జత కొంటే పేద పిల్లలకి ఒక జత ఇస్తామంది. ఎల్ సాల్వడార్ పల్లెల్లో ఆర్థికవేత్తలు పరిశీలిస్తే పిల్లలు ఆ బూట్లు ఇష్టంగానే తొడుక్కున్నారు, కానీ ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పైగా మా అవసరాలు బయటివాళ్లే తీర్చాలి అనే మాటకి, బూట్లు అందుకున్న పిల్లల్లో ఎక్కువ మంది అవునన్నారు. తర్వాత ఆ కంపెనీ కూడా పద్ధతి మార్చుకుంది. "అయితే మనం వెనక్కి పోదామా మాస్టారూ?" అంది మేనకోడలు. "కాదమ్మా, రేపు ఇచ్చేటప్పుడు ఆ ఊరివాళ్లని అడిగి ఇద్దాం" అన్నారు.

మూడో రోజు: గెడ్డ అవతల

డుంబ్రిగుడ, కించుమండ మీదుగా పెదబయలు మండలంలోకి. తారు రోడ్డు అయిపోయి కంకర వచ్చింది, కంకర అయిపోయి మట్టి వచ్చింది. మట్టి కూడా ఒకచోట ఆగింది. అక్కడి నుంచి నడక. కావిడి మోసేందుకు ఊరి నుంచి ఇద్దరు కుర్రాళ్లు ఎదురొచ్చారు. నెలలు నిండిన ఆడవాళ్లని డోలీ కట్టి మోసుకొచ్చే దారి కూడా ఇదే. ఆదివాసీ ఊళ్ల కోసం కేంద్రం పెట్టిన పీఎం జన్‌మన్ పథకం కింద రోడ్డు మంజూరైందని కుర్రాళ్లు చెప్పారు. కొంతదూరం పొదలు కొట్టి, రాళ్లు పోసి ఉంది.

గెడ్డ దగ్గరికొచ్చాక మేం ముగ్గురం బండల మీద కూర్చుని లేసులు విప్పుకోవడం మొదలెట్టాం. సాక్సులు తీసి, ప్యాంటు మడిచి, బూట్లు మెడకి తగిలించుకునేసరికి కావిళ్లు అవతలి గట్టెక్కి మా కోసం చూస్తున్నాయి. నీళ్లు మోకాలి లోతే, కానీ కాళ్లు మొద్దుబారేంత చల్లన. అవతల మళ్లీ తుడుచుకోవడం, తొడుక్కోవడం. టీచరమ్మ లేసులు ఎందుకు వద్దందో ఇక వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

ఊళ్లో పాతిక ఇళ్లు లేవు. కోందులు, ఇంట్లో మాట్లాడేది కువీ. వాకిళ్లలో కాఫీ గింజలు ఆరబోసి ఉన్నాయి. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల పాదులు. ఇది కాఫీ పళ్లు ఏరే కాలం కాబట్టి పెద్దవాళ్లు చాలామంది తోటల్లో ఉన్నారు. ముసలివాళ్లు, చంటిపిల్లలు, మేకలు కాసే పిల్లలు ఉన్నారు. వాళ్లు ఏ బడి జాబితాలోనూ లేరు, అందుకే ఇక్కడ కాగితాలు లేవు. కిట్ ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకానే కదా. మూడేళ్ల వాడికీ, బడి మానేసిన పన్నెండేళ్ల వాడికీ అందులో చోటు లేదు.

తమ్ముడు పురికొస తీశాడు. మడమ నుంచి పొడవైన వేలి దాకా ఒక ముడి, పాదం వెడల్పుకి ఇంకో ముడి. మాస్టారు పుల్లతో సరిచూస్తుంటే నేను సంచుల్లోంచి జత తీయడం. మేకల పిల్లాడొకడు కాలు ఇవ్వనన్నాడు. వాడికి ఇదంతా సూది మందు వేయడానికి వచ్చినవాళ్ల వేషంలా తోచినట్టుంది. తమ్ముడు కువీలో ఏదో అన్నాడు, వాడు నవ్వి కాలు ముందుకి పెట్టాడు. ఏమన్నావని అడిగితే, "ఏం లేదక్కా, మేక గిట్టకి సరిపోయే సైజు కూడా తెచ్చారని చెప్పాను" అన్నాడు.

ఒకామె మాకు ఆకుదొప్పల్లో చోడి అంబలి పోసింది. అరుగు మీద కూర్చున్న ముసలమ్మ అంతసేపూ చూస్తూ ఉంది. తన మనవరాలి కాలికి తొడిగిన శాండిల్ విప్పించి, పట్టీ రెండు వేళ్లతో లాగి చూసి, అటూ ఇటూ వంచి, తమ్ముడితో కువీలో మాట్లాడింది. అవి తెగితే ఎవరు కుడతారు అని అడుగుతోందట. మాస్టారు నా వైపు చూశారు. ముసలమ్మ ఆగలేదు. పిల్లలకి ఇచ్చారు బాగుంది, తోటలో వానాకాలం జలగలు కుడుతుంటే పని చేసే కోడళ్లకి ఏమిటి అని రెండోది. మా దగ్గర మూడు నాలుగు జతలు పెద్ద సైజువి ఉన్నాయి, సగం అరిగిన స్పోర్ట్స్ షూస్. ఆశా కార్యకర్త అక్కడే ఉంది, రబ్బరు చెప్పుకి పిన్నీసు గుచ్చుకుని ఊరూరూ తిరుగుతోంది. ముసలమ్మే ఆమెని చూపించి, ముందు దానికివ్వండి అంది. సరిపోయాయి. ఆమె తొడుక్కుని నాలుగడుగులు వేసి చూసుకుంది, గెడ్డ దగ్గర విప్పుకోవాలి తప్పదు అనుకుంటూ.

తిరుగు దారంతా మాస్టారు లెక్కలు వేస్తూనే ఉన్నారు. శాండిల్ జత ఇంత, పట్టీ కుట్టడానికి ఇంత, ఏడాదికి ఎన్ని తెగుతాయి. పిల్లల పాదం ఏడాదికి సుమారు ఒక సైజు పెరుగుతుంది. పట్టీ బతికితే పెద్దవాడి జత ఇంట్లో చిన్నవాడికి వస్తుంది. పట్టీ పోతే ఆ జతే పోతుంది.

నాలుగో రోజు: ముంచంగిపుట్టు

పొగమంచు పదింటిదాకా తెరిపి ఇవ్వలేదు. ఒడిశా అంచు ఇది, జలాపుట్ జలాశయం ఇక్కడికి దగ్గరే. అంగన్‌వాడీలో పసిపిల్లలకి చిన్న సైజులు పంచాం. సగం మంది తొడిగిన వెంటనే విప్పి నోట్లో పెట్టుకున్నారు.

మధ్యాహ్నం వెళ్లిన బడిలో కాగితాలు పంపినప్పటి కన్నా పిల్లలు ఎక్కువగా ఉన్నారు. పక్క ఊళ్ల నుంచి దసరా తర్వాత చేరారట. మా దగ్గర మిగిలినవి మరీ చిన్నవీ, మరీ పెద్దవీ. అసలు కావాల్సిన 12, 13, ఆ తర్వాత వచ్చే 1, 2 అయిపోయాయి. కొత్తగా వచ్చిన పిల్లలు గోడకి ఆనుకుని నిలబడ్డారు. అరసైజు బిగుతైనా పరవాలేదు ఇచ్చేద్దామని నేనన్నాను, మేనకోడలు ఒప్పుకోలేదు. బిగుతు చెప్పు కన్నా ఉత్త కాలు నయం అని దాని వాదన. ఆ పిల్లల పాదాలు పేపరు మీద గీసుకుని, రెండు రోజుల్లో వస్తాయని తమ్ముడు వాళ్ల భాషలో మాటిచ్చాడు. మాట అతనిది కాబట్టి వాళ్లు నమ్మారు.

ఐదో రోజు: పాడేరు

పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రమైంది 2022 ఏప్రిల్‌లో. ఆ రోజు సంత. పసుపు కొమ్ములు, రాజ్మా, అల్లం, సామలు, కట్టెల మోపులు, కోళ్లు, ఇంకో పక్క ప్లాస్టిక్ బకెట్లు, ఫోన్ కవర్లు. తక్కువైన సైజుల కోసం విశాఖకి ఫోన్ చేయబోతే తమ్ముడు ఆపి బజార్లో ఒక చెప్పుల షాపుకి తీసుకెళ్లాడు. ముంచంగిపుట్టు పిల్లల కాగితాలు కౌంటరు మీద పరిస్తే, షాపాయన కొలబద్ద కూడా తీయకుండా ఒక్కోటీ చూసి నంబరు చెప్పాడు. మాస్టారు పుల్లతో సరిచూశారు, ఒక్కటీ తప్పలేదు. ధర విశాఖ హోల్‌సేల్ మీద జతకి ఇరవై రూపాయలు ఎక్కువ. కానీ సరిపోకపోతే మార్చుకోవడానికి ఇక్కడే షాపు ఉంటుంది. వెడల్పు మోడళ్లే తెప్పిస్తాడట, వేరేవి ఇక్కడ కదలవు. "వచ్చే ఏడు బండి ఎందుకు సార్, కాగితాలు నాకు పంపండి" అన్నాడు. డీజిలు, లాడ్జి ఖర్చు లెక్కేస్తే ఆయన మాటే చవక.

ముసలమ్మ మొదటి ప్రశ్న మిగిలింది. సంత మూల గొడుగు కింద చెప్పులు కుట్టే ఆయన దగ్గర కూర్చున్నాం. ఏ బడి పిల్లల శాండిల్ తెగినా టీచరు సంత రోజు జీపులో పంపిస్తారు, ఆయన కుట్టి మరుసటి సంతకి తిరిగి పంపాలి, లెక్క నోటుబుక్కులో రాస్తే నెలకోసారి తమ్ముడు డబ్బులిస్తాడు. ఆయన ఒప్పుకునే ముందు మా కొత్త శాండిల్ ఒకటి తీసుకుని పట్టీ మొదట్లో గోరు దూర్చాడు. పట్టీ కొంచెం లేచింది.

"ఇది జిగురమ్మా, కుట్టు కాదు. ఒక వాన చూస్తే చాలు దీనికి."

ముంచంగిపుట్టుకి వెళ్లాల్సిన జతలన్నీ అక్కడే ఆయన ముందు పోశాం. ఇప్పుడే కుట్టేయమన్నాం. ఇచ్చేసినవి కూడా తెగేదాకా ఆగకుండా, వరసగా ఒక్కో బడి నుంచి తెప్పించి కుట్టే ఏర్పాటు చేస్తానని తమ్ముడు ఒప్పుకున్నాడు. జతకి ఇరవై అన్నాడాయన. మాస్టారు జేబులోంచి పెన్ను తీసి, ఇన్ని జతలిస్తే ఎంతకి చేస్తావని బేరం మొదలెట్టారు.

"మీ లెక్క మీది మాస్టారూ, వేళ్లు నావి" అని ఆయన దారానికి మైనం రాసుకున్నాడు.

ఇరవైకే ఒప్పుకున్నాం. దారం, మైనం కోసం అడ్వాన్సు అడిగితే ఇచ్చాం. చివరి జత కుట్టేసరికి మూడు దాటింది. సంచులు తమ్ముడి చేతికి అప్పగించి, మేం ముగ్గురం ఘాట్ దిగి చోడవరం మీదుగా వెళ్లే బస్సెక్కాం.